దక్షిణ పినాకిని ఒడ్డున కావేరిపట్టణము

నందికొండలపై కురిసిన వానను రెండు నదులు పంచుకొనుచున్నవి. వానిలో ఒకటి ఉత్తరముగా బయలుదేరి, అనంతపురపు మెట్టభూముల మీదుగా నడచి, గండికోట వద్ద కొండను నిలువునా చీల్చుకొని, కడపసీమను దాటి, నెల్లూరి మాగాణులను పండించి సాగరమును చేరుచున్నది. ఆ ఉత్తర పినాకినిని మనము పెన్నయని చనవుగా పిలుచుకొందుము. దాని ఒడ్డున పుట్టిన కవులను తలచుకొందుము. దాని ఆనకట్టలను గూర్చి పిల్లలకు పాఠములు చెప్పుదుము. రెండవది దక్షిణ పినాకిని. ఆ కొండల సీమలోనే పుట్టి, బెంగళూరు తూర్పు పొలిమేరలను ఒరసికొనుచు దిగి, హోసూరు, కృష్ణగిరి, ధర్మపురి, తిరువణ్ణామలై, విళుప్పురము ప్రాంతముల వాగులను వంకలను కూడగట్టుకొని, కడలూరు వద్ద బంగాళాఖాతమున పడుచున్నది. తమిళులు దీనిని తెన్‌పెణ్ణై అందురు, పొన్నైయారు అందురు. ఈ నది పై దారిలో తరతరములుగా తెలుగు మాటాడు కుటుంబములు వేలకొలదిగా బ్రతుకుచున్నను, మన పత్రికలలో దీని ఊసు అరుదు. దీని ఒడ్డున ఉన్న ఒక చిన్న పట్టణమును ఆధారముగా చేసికొని, ఎన్నడో మన దృష్టి పడవలసిన ఒక విషయమును ఇక్కడ విన్నవింపదలచితిని.

ఆ ఊరు కావేరిపట్టణము. కృష్ణగిరి నుండి ధర్మపురికి పోవు త్రోవలో, కృష్ణగిరికి పది పన్నెండు కిలోమీటర్ల దూరమున, కాశ్మీరము నుండి కన్యాకుమారికి సాగు 44వ జాతీయ రహదారి చెంతనే యున్నది. ఊరి పేరు విని కావేరిని వెదకబోవువారికి ఇచ్చట కనబడునది పినాకినియే. కావేరి ఇక్కడికి పడమరగా చాలదూరమున, హొగేనకల్లు బండలమీద దుముకుచు పోవుచున్నది. చోళుల రేవుపట్టణముగా ప్రసిద్ధికెక్కిన కావేరిపూంపట్టణము వేరు. అది తూర్పు సముద్రతీరమున గలదు. ఈ మన పట్టణము సముద్రమునకు ఎంతో ఎగువన, నల్లరాతి గుట్టల నడుమ, మామిడితోపులకును కొబ్బరితోటలకును మధ్య నొదిగిన పల్లెపట్టు. తమిళనాట మామిడి పంటకు పెట్టినది పేరైన కృష్ణగిరి జిల్లాలో తోతాపురి కాయ కోతకు వచ్చిన వేళ, గుజ్జు తీయు కర్మాగారముల వైపు బండ్లు బారులు తీరును. చిత్తూరు జిల్లా వారికి ఈ దృశ్యము క్రొత్త కాదు, ఏలననగా ఆ చెట్టును, ఆ నేలను, ఆ ధరల దిగులును ఉభయులకును ఉమ్మడివే.

ఊరిలో అడుగుపెట్టిన వానిని మొదట పలుకరించునది నిప్పట్ల వాసన. మనము చెక్కలని పిలుచు పిండివంటకు దగ్గరి చుట్టమైన ఈ నిప్పట్టు ఈ పట్టణమునకు చుట్టుప్రక్కల పేరు తెచ్చినది. బియ్యపు పిండిలో వేరుసెనగపలుకులును, పుట్నాలపప్పును, కరివేపాకును, మిరపపొడియు కలిపి, కాచిన నూనె కొంచెము పోసి పిసికి, చిన్న ఉండలు చేసి, వ్రేళ్ళ కొనలతో అంచులు చిట్లకుండ పలుచగా తట్టి, మరుగు నూనెలో వేయుదురు. పలుకులు మాడకుండ పిండి కరకరలాడునట్లు దింపవలెను. ఆ క్షణమును గుర్తించుటలోనే వండువారి నేర్పు తెలియును. తమిళము, తెలుగు, కన్నడము, ఉర్దూ మాటాడువారందరును ఒకే పేరుతో అడిగి కొనుక్కొను వస్తువు ఇది. నాలుగు భాషలవారు ఒక నది నీటిమీద కలిసి బ్రతుకుట ఎట్టిదో దీనివలన నాకు బోధపడినంతగా మరి దేనివలనను పడలేదు.

ఊరికి సమీపమున పినాకిని ఒడ్డుననే పెన్నేశ్వరమఠము గలదు. అచ్చటి శివుడు నది పేరునే ధరించి పెన్నేశ్వరుడైనాడు. చోళుల కాలమునాటి ఆ ఆలయమున శాసనములును, దాని పరిసరములందు వీరగల్లులును ఉన్నవి. చోళుల తరువాత హొయసలుల ఏలుబడి కూడ ఈ సీమకు విస్తరించినది. వీరగల్లు మీది బొమ్మలను తీరికగా చూచినవారికి తెలియును: ఆవులమందను కాపాడబోయి ప్రాణములు విడిచిన సామాన్యుడు కత్తిపట్టి నిలిచియుండును, పైవరుసలో అప్సరసలు వానిని స్వర్గమునకు కొనిపోవుచుందురు. రాజుల పేర్లు శాసనములకెక్కగా, పల్లెవాని మరణము ఈ రాతిపలకల కెక్కినది. మహాశివరాత్రి మరునాటి ప్రాంతమున ఈ పట్టణములో అంకాళమ్మకు జరుగు మయానకొళ్ళై ఉత్సవము మరియొక చూడదగిన ఘట్టము. పంబ మ్రోగుచుండగా, కాళికావేషము ధరించిన భక్తులు ఊరేగుచు నదీతీరపు రుద్రభూమికి పోవుదురు. ధాన్యమును, కాయలను, పండ్లను, నాణెములను అచ్చట విరజిమ్ముదురు. గుంపులోని జనము వానిని ప్రసాదముగా ఏరుకొందురు. పంట పండిన వారు పండించిన దానిని చచ్చినవారి నేలమీద చల్లి అమ్మవారికి అప్పగించు ఆ దృశ్యమునకు సాక్షిగా నది ప్రక్కనే ఉండవలెను. నది లేకున్న ఆ ఉత్సవమునకు అర్థము సగమే మిగులును.

ఇక చరిత్ర. ఈ సీమకు బారామహలని పేరు. విజయనగరము కూలిన తరువాత పెనుగొండ రాయల పక్షమున పోరాడి మెప్పు పొందిన జగదేవరాయడను తెలుగు నాయకునికి ఈ ప్రాంతము దక్కినది. తరువాతి కాలమున ఆయన రాజధాని చెన్నపట్టణము, అనగా నేటి బెంగళూరు మైసూరు దారిలోని చెన్నపట్న. పదునేడవ శతాబ్ది నడుమ ఈ దుర్గములు మైసూరు వొడయరుల చేతిలోనికి పోయినవి. పదునెనిమిదవ శతాబ్ది ఆరంభమున కడప నవాబు అబ్దుల్ నబీఖాన్ బారామహలును వశపరచుకొన్నాడు. ఆ విధముగా కొంతకాలము ఈ పినాకినీ తీరమునకు కడపయే దర్బారైనది. తదుపరి హైదరు అలీ దీనిని మైసూరులో కలుపుకొన్నాడు. కొండకోటల నడుమ మైదానమున, నదిని ఆనుకొని ఉన్న కావేరిపట్టణపు కోటకు శిఖరముల రక్షణ లేదు. ఘాటు దిగివచ్చు సైన్యమునకును, ఘాటు ఎక్కబోవు సైన్యమునకును నీరు, మేత, ధాన్యము దొరకు చోటు గనుక ఎవరు వచ్చినను మొదట దీనిని పట్టవలసి వచ్చెను. 1767లో ఆంగ్లేయ సేనాని జోసెఫ్ స్మిత్ బారామహలులో దిగి చిన్నకోటలను పట్టుకొని, కృష్ణగిరి దుర్గమును మాత్రము సాధింపలేక కాచుకొని యుండగా, ఆగస్టు నెలాఖరున హైదరు ఘాటు దిగివచ్చి కావేరిపట్టణమును చుట్టుముట్టి కొద్ది దినములలోనే స్వాధీనము చేసికొన్నాడు. స్మిత్ తూర్పుగా వెనుకకు తగ్గగా సెప్టెంబరు 3న చెంగము వద్ద యుద్ధము జరిగినది. చరిత్రకారులు చెంగమును, తిరువణ్ణామలైని గూర్చి పుటలు నింపుదురు. ఆ పోరాటమునకు తలుపు తీసిన ఈ నదీతీరపు కోటకు ఒక వాక్యము మాత్రము విదల్చుదురు.

1792 నాటి శ్రీరంగపట్టణ సంధితో టిప్పు సుల్తాను బారామహలును కంపెనీకి వదలుకొన్నాడు. అటుపిమ్మట జరిగినది, నా దృష్టిలో, ఆ యుద్ధములన్నిటికంటె పెద్ద సంగతి. ఈ సీమను చక్కబెట్టుటకు అలెగ్జాండర్ రీడ్ నియుక్తుడైనాడు. ఆయనకు సహాయకులుగా వచ్చిన యువ సైనికాధికారులలో థామస్ మన్రో యొకడు. దళారులకు, ఇజారాదారులకు గ్రామములను గుత్తకిచ్చి చేతులు దులుపుకొనక, వీరు పొలము వెంబడి పొలము కొలిపించి, ఏ నేల ఎట్టిదో, దానికి నీరు ఎక్కడిదో, దానిని దున్నువాడెవడో వ్రాయించి, ఆ రైతుతోనే నేరుగా శిస్తు నిర్ణయించు పద్ధతిని ఇక్కడ పరీక్షించిరి. రైతువారీ విధానమునకు ఊయల ఈ బారామహలు. 1799 వరకు ఇచ్చట పని నేర్చిన మన్రో, 1800లో దత్తమండలములకు ప్రధాన కలెక్టరై వచ్చి, 1807 వరకు మన కడప, బళ్ళారి, అనంతపురము, కర్నూలు సీమలలో ఆ పద్ధతినే నాటెను. తుదకు మద్రాసు గవర్నరుగా ఉండి, 1827లో పత్తికొండ వద్ద విషూచితో మరణించెను. మన రాయలసీమ రైతు చేతిలోని పట్టాకు మూలము వెదకికొనుచు పోయినచో దారి ఈ దక్షిణ పినాకినీ తీరమునకే చేరును. ఆనాటి లెక్కలును, నివేదికలును బారామహలు రికార్డులను పేర మద్రాసు ప్రభుత్వము తరువాత అచ్చు వేయించినది. పంటలు, జనులు, పన్నులు, ఆస్తిహక్కులు అని విభాగములుగా ఉన్న ఆ సంపుటములను తిరుగవేయువారు ఒక సంగతి గమనింపవచ్చును: శిస్తు కొరకే కావచ్చును గాని, ఆ దొరలు నేలను అడిగిన ప్రశ్నలలో నీటిని గూర్చిన ప్రశ్న తప్పక ఉండెను. నీరు చూడనిదే నేలకు వెల కట్టరాదని వారికి తెలియును.

కాలము మారినది. సేలము జిల్లాలో భాగముగా ఉండిన ఈ ప్రాంతము 1965 అక్టోబరు 2న ధర్మపురి జిల్లాలోనికి, 2004 ఫిబ్రవరి 9న క్రొత్తగా ఏర్పడిన కృష్ణగిరి జిల్లాలోనికి చేరినది. తమిళము తరువాత ఈ జిల్లాలో ఎక్కువమంది ఇంట మాటాడు భాష తెలుగే. 2024లో కృష్ణగిరి లోక్‌సభ సభ్యుడు గోపీనాథ్ పార్లమెంటులో తెలుగున ప్రమాణము చేసినప్పుడు మన పత్రికలు సంతోషించినవి, సంతోషింపదగినదే. 2006 నాటి తమిళ అభ్యసన చట్టము వలన తెలుగు బడులకు కలిగిన ఇక్కట్టును గూర్చి హోసూరు రచయితలు పడుచున్న ఆవేదన కూడ న్యాయమైనదే. అయితే భాషను గూర్చి ఇంత పట్టుదలతో మాటాడు మనము, ఆ భాష మాటాడువాడు త్రాగు నీటిని గూర్చి మౌనము వహించుట నాకు బాధ కలిగించుచున్నది.

కావేరిపట్టణమునకు కొద్దిగా ఎగువన, మార్కండేయ నది వచ్చి కలియు తావున, కామరాజు ముఖ్యమంత్రిత్వమున నిర్మితమై 1957లో ప్రారంభమైన కృష్ణగిరి జలాశయము గలదు. పూర్తి నీటిమట్టము 52 అడుగులు. కుడి ఎడమ కాలువల క్రింద సుమారు 9,000 ఎకరాలు సాగగును. దిగువన నెడుంగల్ ఆనకట్ట నుండి కాలువ వెంట నీరు పారూరు పెద్దచెరువును చేరి మరికొన్ని వేల ఎకరములను తడుపును. వరి, కొబ్బరి, పూలతోటలు, మామిడి, ఇంటింటి పశువులు, ఊరి బావులలోని ఊట, అన్నియు ఈ నీటివలననే. కనుక ఎగువన నదికి ఏమి కలిసినను దిగువన దాని ఫలము అనుభవింపక తప్పదు.

ఎగువన ఏమి కలియుచున్నదో అందరికిని తెలిసినదే. బెంగళూరు మహానగరపు మురుగు బెళ్ళందూరు, వర్తూరు చెరువులను నింపి, వాని అలుగుల మీదుగా దక్షిణ పినాకినిలో పడుచున్నది. ఆ బెళ్ళందూరు చెరువే పలుమారులు మంటలు పట్టి మండినది. చెరువు మండుట అను మాట మన తాతలు విని యుండరు. హోసూరు వద్ద కెలవరపల్లి జలాశయపు గేట్లు ఎత్తినప్పుడు తెల్లని నురుగు కుప్పలు కుప్పలుగా లేచి, త్రోవలకు అడ్డుపడి, గాలికి పొలములలోనికి కొట్టుకొనిపోవుట ఏండ్ల తరబడి ఛాయాచిత్రములతో సహా వార్తలకెక్కుచునేయున్నది. కెలవరపల్లి దాటిన నీరు కృష్ణగిరి జలాశయమును, జలాశయము దాటిన నీరు కావేరిపట్టణమును చేరును. దానికి వేరు దారి లేదు.

ఈ నదిని గూర్చి రాష్ట్రములు తగవులాడుకొననివి కావు. 1892 ఫిబ్రవరిలో మద్రాసు, మైసూరు ప్రభుత్వముల నడుమ కుదిరిన ఒడంబడికలో ఈ నది పేరు కలదు. మద్రాసు సమ్మతి లేక మైసూరువారు దీనిమీద క్రొత్త కట్టడములు కట్టరాదని నిర్ణయము. మార్కండేయ నదిపై యరగోళు వద్ద కర్ణాటకము ఆనకట్ట కట్టుటను ఆక్షేపించుచు తమిళనాడు 2018లో సుప్రీంకోర్టుకు పోగా, 2019 నవంబరు 14న న్యాయస్థానము ఆ వినతిని త్రోసిపుచ్చి ట్రిబ్యునలు కొరకు కేంద్రమును ఆశ్రయింపుమని దారి చూపినది. ఈ వాదప్రతివాదములన్నిటి సారము ఒక్కటే: ఎంత నీరు? శతాధిక సంవత్సరములుగా సాగిన ఈ తగవులో, ఎటువంటి నీరు అని అడిగిన కాగితము ఎంత వెదకినను అరుదు. అంతర్రాష్ట్ర నదీజల వివాదముల చట్టము 1956 నాటిది. అది నీటి వినియోగమును, పంపకమును, నియంత్రణమును గూర్చి మాటాడును. కాలుష్య నివారణకు 1974లో వేరొక చట్టము చేసిరి. దాని క్రింద ఏ రాష్ట్రపు కాలుష్య నియంత్రణ మండలి అధికారము ఆ రాష్ట్రపు ఎల్లలోనే ఆగిపోవును. మురుగు మాత్రము అత్తిబెలె చెక్‌పోస్టు వద్ద ఆగుట లేదు. ఎగువ మండలికి దిగువ రైతు పరాయివాడు. దిగువ మండలికి ఎగువ మురుగుమీద అధికారము లేదు. ఈ సందులో కావేరిపట్టణపు కాలువ చిక్కుకొన్నది.

సందు పూడ్చుటకు చట్టమే మార్గము చూపియున్నది. రాష్ట్ర మండలుల పనులను సమన్వయపరచుటయు, వాని మధ్య వచ్చు వివాదములను పరిష్కరించుటయు కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి విధులుగా 1974 నాటి చట్టముననే వ్రాసినారు. ఆ విధిని దక్షిణ పినాకిని విషయమున నెరవేర్పుమని గట్టిగా అడుగవలసినవారు ముగ్గురు: తమిళనాడు ప్రభుత్వము, కృష్ణగిరి ప్రజాప్రతినిధులు, ఈ నదీతీరపు స్థానిక సంస్థలు. ట్రిబ్యునలు ముందుకు పోవు రోజున కేవలము ఘనపుటడుగుల లెక్క పట్టుకొనిపోయినచో, గెలిచినను మురుగునే గెలిచివచ్చినట్లగును.

శుద్ధి చేయుట అసాధ్యమను మాటను నేను ఒప్పుకొనను. అదే బెంగళూరు తన మురుగులో కొంత భాగమును శుద్ధిచేసి, కోరమంగల చెల్లఘట్ట లోయ పథకము క్రింద రోజుకు 440 మిలియను లీటర్ల లక్ష్యముతో, 2018 నుండి కోలారు చెరువులకు గొట్టముల ద్వారా ఎక్కించుచున్నది. ఆ శుద్ధి ఇంకొక మెట్టు పైకి పోవలెనని కోలారువారే కోరుచున్నారు, అది వారి హక్కు. కాని కరవుపీడితమైన పొరుగు జిల్లాకు కొండలెక్కించి నీరు పంపగల నగరము, తన వాలులో సహజముగా దిగువకు పారు నదికి అంతటి శ్రద్ధయైనను చూపలేదని ఎట్లు నమ్మవలెను? ఆర్థికబలము గలదు, యంత్రజ్ఞానము గలదు. లేనిది దిగువవానికి జవాబు చెప్పవలసియున్నదను బాధ్యత.

నీటి నాణ్యము ఒకటి, నీటి ఉద్ధృతి మరొకటి. 2017 నవంబరు నెలాఖరున కృష్ణగిరి జలాశయపు ఎనిమిది గేట్లలో మొదటిది విరిగి, నిండుగా ఉన్న నీరు చూచుచుండగనే నదిలోనికి పోయినది. దిగువ గ్రామములను హెచ్చరింపవలసి వచ్చినది. అరువది యేండ్ల ఇనుము ఎంతకాలము నిలుచునో ముందుగా లెక్కగట్టుకొనుట ఎవరి పనియో వారు చేసియుండవలసినది. 2024 డిసెంబరు ఆరంభమున ఫెంగల్ తుపాను శేషము ఈ జిల్లాలోని ఊత్తంగరైలో ఒక దినములోనే 50 సెంటీమీటర్లు దాటి వాన కురిపించగా, వాహనములు బొమ్మలవలె కొట్టుకొనిపోయినవి. దిగువన సాత్తనూరు జలాశయము నుండి అర్ధరాత్రి దాటిన వేళ సెకనుకు లక్షన్నర ఘనపుటడుగులకు మించిన ప్రవాహము విడువబడగా, విళుప్పురము, కడలూరు జిల్లాల గ్రామములు మునిగినవి. ఏ గేటు ఎప్పుడు ఎత్తుదురో, ఎంత నీరు వచ్చునో, ఏ వీథి ఖాళీ చేయవలెనో అన్న మాట, ఏ భాష చదువగలవారికి ఆ భాషలో, చేరవలసిన గడియలో చేరకున్న దానిని హెచ్చరిక అనుట కుదరదు.

నేను కోరునది పెద్ద కోరిక కాదు. కెలవరపల్లి వద్ద, కృష్ణగిరి జలాశయము వద్ద, కావేరిపట్టణపు వంతెన వద్ద, నెడుంగల్ ఆనకట్ట వద్ద నెలకొకసారి నీటిని పరీక్షించి, ఆ ఫలితమును అచ్చటనే పెద్ద పలకమీద తమిళమునను, తెలుగునను, కన్నడమునను, ఉర్దూలోను వ్రాయవలెను. స్నానమునకు తగిన నీటిలో కరిగిన ప్రాణవాయువు లీటరుకు 5 మిల్లీగ్రాములకు తగ్గరాదనియు, జీవరసాయనిక ప్రాణవాయువు అవసరము 3 మిల్లీగ్రాములకు మించరాదనియు కేంద్ర మండలియే ప్రమాణము పెట్టినది. ఆ రెండు అంకెల ప్రక్కన ఈ నెల అంకెలు వ్రాసినచో, బడి పిల్లవాడును పోల్చిచూడగలడు. ఇంటికి పోయి తల్లికి చెప్పగలడు. పరీక్షలు ఇప్పుడును జరుగుచున్నవని అధికారులు చెప్పవచ్చును, జరుగుచున్నవే. అయితే ఫలితములు కార్యాలయపు పట్టికలలో, ఏడాది నివేదికలలో ఉన్నంతకాలము మడి చేయువానికి అవి లేనట్లే. భారలోహముల పరీక్ష ఖర్చుతో కూడినదగుటచే దానిని ఏడాదికి రెండుమారులు చేసినను చాలును, గాని కాలువ నీటితో పెరిగిన ఆకుకూరలను, పశువుల పాలను కూడ అందు చేర్చవలెను. ఏలననగా ఈ ఊరు పంట పండించి ఊరుకొనునది కాదు, పొరుగు నగరములకు పంపునది. మురుగు పంపిన నగరము వంటయింటికే ఆ పంట తిరిగి పోవుచున్నదని అక్కడివారికి తెలియజెప్పుట కూడ అవసరము.

ఇందులో తెలుగు పాఠకునికి పని ఏమని అడుగువారుందురు. పినాకినులిద్దరిలో ఒకరిని తల్లియని కొలిచి మరియొకరిని మరచుట ధర్మము కాదు. అంతకంటె ముఖ్యముగా, పై రాష్ట్రపు మురుగు క్రింది రాష్ట్రపు కాలువలో చేరినపుడు ఎవరు ఎవరికి జవాబు చెప్పవలెనను ప్రశ్న ఇక్కడ తేలినచో, అది తుంగభద్రకును, మూసీ కలిసిన కృష్ణకును అన్వయించును; తేలకున్నను అన్వయించును. హోసూరు, కృష్ణగిరుల తెలుగు రచయితలు తమ సీమ జీవితమును కథలుగా వ్రాసి మనకు ఇచ్చిరి. వారికి మనము బాకీ యున్నాము. ఆంధ్ర, తెలంగాణముల విశ్వవిద్యాలయములలోని జలశాస్త్ర విభాగములు ఈ నదిమీద ఒక స్వతంత్ర పరిశీలన చేసి తెలుగున ప్రకటించినచో ఆ బాకీలో కొంత తీరును.

ఏటా నైరృతి వానలతో జలాశయము నిండి, సాధారణముగా జూలై నెలలో మొదటి పంటకు కుడి ఎడమ కాలువలు తెరతురు. ప్రజాప్రతినిధులు వచ్చి పూలు చల్లుదురు. ఈసారి ఆ తూములు ఎత్తుటకు ముందే, ఆ వారపు నీటి పరీక్షాఫలితము తూము గోడమీదనే వ్రాసియుండవలెననియు, అది చదివి వినిపించిన పిమ్మటనే చక్రము త్రిప్పవలెననియు కావేరిపట్టణపు రైతులు జిల్లా కలెక్టరును అడుగవలెను.